మైలవరం డ్యాముకూ కృష్ణపట్నం ఉప్పుటేరుకూ ఒకే రీల్: బెయిట్‌కాస్టింగ్ రీల్ ఎంపికపై తరచుగా అడిగే ప్రశ్నలు

కర్నూలు, అనంతపురం, కడప జిల్లాల్లో ఉంటూ, సెలవు రోజుల్లో డ్యాముల దగ్గర గాలం వేస్తూ, ఏడాదికి నాలుగైదుసార్లు నెల్లూరు తీరానికి వెళ్లొచ్చేవాళ్ల కోసం రాసిన పేజీ ఇది. ఇక్కడ తేలికపాటి వేట అంటే 7 నుంచి 28 గ్రాముల లూర్లు (నకిలీ ఎరలు), 20–30 పౌండ్ల బ్రెయిడ్ (పోగులు అల్లిన) లైన్. వేట చోట్లు ఉప్పుటేర్లు, ఏటి మొగలు, వంతెనలు, మడచెట్ల అంచులు. నడిసముద్రంలో పడవ మీద వేసే వేట సంగతి వేరు, ఆ రీళ్లూ వేరు.

స్పిన్నింగ్ రీల్ ఉంది. బెయిట్‌కాస్టర్ నిజంగా అవసరమా?

విసిరేటప్పుడు లైన్ చుట్టిన స్పూల్ తిరిగే రీల్ బెయిట్‌కాస్టర్; స్పిన్నింగ్ రీల్‌లో అప్పుడు స్పూల్ తిరగదు, లైన్ చుట్లుగా జారుతుంది. ఏది కావాలన్నది ఎక్కడ నిలబడి వేస్తారన్న దాన్ని బట్టి ఉంటుంది. మైపాడు లాంటి తెరిపి బీచ్‌లో అలల అవతలకి దూరంగా విసరాలంటే స్పిన్నింగే నయం. ఎదురుగాలి కొట్టినా అందులో లైన్ అంతగా చిక్కుపడదు. 7 గ్రాముల లోపు లూర్లకైనా స్పిన్నింగే. జీవితంలో ఇదే మొదటి రాడ్ అయితే కూడా స్పిన్నింగ్‌తోనే మొదలుపెట్టండి.

ఉప్పుటేరులో కథ మారుతుంది. పండుగప్ప మడచెట్టు వేళ్ల సందులోనో, వంతెన స్తంభం నీడలోనో కాచుకుని ఉంటుంది. లూర్ ఆ వేళ్లకు జానెడు దూరంలో పడాలి. రెండు జానలు అవతల పడితే చెట్టుకు తగులుకుంటుంది, ఇవతల పడితే చేప పట్టించుకోదు. బెయిట్‌కాస్టర్‌లో బొటనవేలు స్పూల్ మీదే ఉంటుంది కాబట్టి, గాల్లో పోతున్న లూర్‌ను అనుకున్నచోట ఆపొచ్చు. చేప తగిలాక వేళ్లలోకి దూరకుండా గట్టిగా లాగడానికీ ఇదే అనువు. లైన్ మలుపు తిరగకుండా నేరుగా స్పూల్ మీదికే వస్తుంది.

కొరమేనుకు వాడే రీలే సముద్రానికీ తీసుకెళ్లొచ్చా?

రీల్ ఒకటే సరిపోతుంది, లైన్ మాత్రం సరిపోదు. అవుకు రిజర్వాయరులోనో చెరువులోనో తామరాకుల మీద కప్ప లూర్ వేసేవాళ్లు 40–50 పౌండ్ల బ్రెయిడ్ చుట్టుకుంటారు. నాచులోంచి చేపను ఈడ్చాలి కాబట్టి అది సబబే. అదే లైన్‌తో ఉప్పుటేరులో 10 గ్రాముల లూర్ వేస్తే దూరం పోదు, ఏటి ప్రవాహం లైన్‌ను పక్కకు లాగేస్తుంది. విడి స్పూల్ దొరికే మోడల్ అయితే రెండో స్పూల్ కొనుక్కోవడం మంచి ఉపాయం. సైడ్‌ప్లేట్ (రీల్ పక్క మూత) తీసి స్పూల్ మార్చడం అర నిమిషం పని. విడి స్పూల్ దొరక్కపోతే 30 పౌండ్ల లైన్‌తో రెండు చోట్లా నెట్టుకురావచ్చు, దట్టమైన నాచు ఉన్న చెరువులను వదిలేస్తే చాలు.

100, 150, 200, 300 అంటారు. ఏ సైజు తీసుకోవాలి?

150 లేదా 200. చాలా కంపెనీల్లో 70, 100 సైజులకు స్పూల్ చిన్నది, తేలికైనది. 5–10 గ్రాముల లూర్లను బాగా విసురుతాయి గానీ, లైన్ తక్కువ పడుతుంది. 300, 400 సైజులు పెద్ద లూర్లకు, బరువైన చేపలకు. రోజంతా చేతిలో పట్టుకుంటే మణికట్టు లాగేస్తుంది. అంకెలకు అన్ని కంపెనీల్లో ఒకే కొలత లేదు. అందుకే పెట్టె మీద ఎంత మందం లైన్ ఎన్ని మీటర్లు పడుతుందో రాసిన వరుస చూసి నిర్ణయించుకోండి.

పెట్టె మీద నైలాన్ లైన్ లెక్క ఉంది. బ్రెయిడ్ ఎంత పడుతుందో ఎలా తెలుస్తుంది?

మందాన్ని మందంతోనే గుణించి లెక్క కట్టాలి. పెట్టె మీద 0.33 మి.మీ. లైన్ 100 మీటర్లు అని ఉందనుకోండి. మీరు చుట్టేది పీఈ 2 (పీఈ అన్నది బ్రెయిడ్ మందాన్ని చెప్పే కొలత), దాని మందం సుమారు 0.235 మి.మీ. 0.33ను 0.235తో భాగిస్తే 1.4. దాన్ని దానితోనే గుణిస్తే 1.97. అంటే అదే స్పూల్‌లో బ్రెయిడ్ దాదాపు 197 మీటర్లు పడుతుంది.

అంత అవసరం లేదు కూడా. ఒక విసురు 30–40 మీటర్లు, చేప పరుగు మరో 50 మీటర్లు. అప్పుడప్పుడూ పాడైన కొసలు కోసేస్తుంటాం కాబట్టి 150 మీటర్ల బ్రెయిడ్ చాలు. కింద మిగిలిన ఖాళీని నైలాన్‌తో నింపండి. నున్నటి స్పూల్ మీద నేరుగా బ్రెయిడ్ చుడితే పట్టు దొరక్క మొత్తం చుట్టే జారిపోతుంది. హ్యాండిల్ తిరుగుతున్నా లైన్ రాదు, డ్రాగ్ (చేప గట్టిగా లాగినప్పుడు లైన్‌ను జారనిచ్చే పట్టు) పాడైందేమో అనుకుని రీల్ విప్పదీసేవాళ్లు ఉన్నారు. అడుగున పదిహేను ఇరవై చుట్లు నైలాన్ వేస్తే ఆ బాధ ఉండదు.

లైన్ ఎంతవరకు నింపాలి?

స్పూల్ అంచుకు 2–3 మి.మీ. తక్కువగా. అంచు దగ్గర రెండు రూపాయి బిళ్లలు పేర్చినంత సందు కనిపించాలి. అంచుదాకా నింపితే విసిరిన ప్రతిసారీ చిక్కే. మరీ తక్కువ నింపితే దూరం పోదు, చుట్టుకు వచ్చే లైన్ కూడా తగ్గుతుంది. చుట్టేటప్పుడు లైన్‌ను తడిగుడ్డతో బిగించి పట్టుకోండి. వదులుగా చుట్టిన బ్రెయిడ్ చేప లాగగానే కింది పొరల్లోకి దిగబడి, తర్వాతి విసురులో ఠక్కున ఆగిపోతుంది. అప్పుడే లూర్ తెగి గాల్లో కలుస్తుంది.

గేర్ రేషియో ఎంత ఉండాలి? ఎక్కువుంటే మంచిదా?

6.3:1 అంటే హ్యాండిల్ ఒక చుట్టు తిప్పితే స్పూల్ 6.3 చుట్లు తిరుగుతుంది. ఆ అంకె కన్నా, చుట్టుకు ఎన్ని సెంటీమీటర్ల లైన్ వస్తుందన్నదే ముఖ్యం. నిండుగా ఉన్న 33 మి.మీ. స్పూల్‌తో లెక్క వేస్తే 6.3కి సుమారు 65 సెం.మీ., 7.2కి 75, 8.2కి 85. లైన్ బయటికి పోయేకొద్దీ స్పూల్ వ్యాసం తగ్గి ఈ లెక్కలన్నీ కిందికి దిగుతాయి.

ఉప్పుటేరుకు 7 చుట్టుపక్కల ఉన్నది తీసుకోండి. ప్రవాహం లూర్‌ను మీవైపు తెచ్చేటప్పుడు వదులైన లైన్‌ను త్వరగా లాక్కోవాలి, చేప మీవైపు ఉరికొచ్చినా అంతే. 8 దాటితే నీటిలో బరువుగా లాగే లూర్లకు చెయ్యి నొస్తుంది. పైగా తెలియకుండానే లూర్‌ను వేగంగా తిప్పేస్తాం, పండుగప్పకు చాలాసార్లు నిదానమే ఇష్టం. లోతుకు దిగే క్రాంక్ లూర్లే ఎక్కువ వాడితే 6.3 హాయిగా ఉంటుంది.

మ్యాగ్నెటిక్, సెంట్రిఫ్యూగల్, డీసీ. ఈ బ్రేకుల్లో తేడా ఏమిటి?

ఎంపికలో అన్నిటికన్నా ముఖ్యమైనది ఇదే. అందుకే కాస్త వివరంగా.

విసిరిన క్షణంలో లూర్ వేగంగా పోతుంది, స్పూల్ కూడా అదే వేగం అందుకుంటుంది. తర్వాత గాలి అడ్డుపడి లూర్ నెమ్మదిస్తుంది, స్పూల్ మాత్రం తన ఊపులో తిరుగుతూనే ఉంటుంది. బయటికి పోవాల్సిన దానికన్నా ఎక్కువ లైన్ విడుదలై, దిక్కులేక స్పూల్ మీదే ఉబ్బిపోతుంది. పక్షిగూడులాంటి ఆ చిక్కే బ్యాక్‌లాష్. బ్రేకు పని స్పూల్ ఊపును లూర్ వేగానికి సరిచేయడం.

మ్యాగ్నెటిక్ బ్రేకులో అయస్కాంతాలు అల్యూమినియం స్పూల్‌ను తాకకుండానే పట్టి ఉంచుతాయి. స్పూల్ తిరిగేకొద్దీ అందులో పుట్టే విద్యుత్ ప్రవాహమే అడ్డుపడుతుంది. బయట డయల్ ఉంటుంది, నిలబడ్డచోటే మార్చుకోవచ్చు. సెంట్రిఫ్యూగల్‌లో చిన్న చిన్న దిమ్మెలు స్పూల్‌తోపాటు తిరుగుతూ బయటికి నెట్టుకొచ్చి, ఒక వలయానికి రాసుకుంటాయి. విసురు మొదట్లో, వేగం ఎక్కువున్నప్పుడు గట్టిగా పట్టి, చివర్లో వదిలేస్తాయి. అందుకే అలవాటైన చేతికి దూరం బాగా వస్తుంది. పాత పద్ధతి రీళ్లలో ఆ దిమ్మెలను మార్చాలంటే సైడ్‌ప్లేట్ తీయాలి. ఇసుకలో నిలబడి సైడ్‌ప్లేట్ తీస్తే ఏదో ఒక ముక్క కింద పడుతుంది, ఇసుక లోపలికి పోతుంది. సముద్రానికి తీసుకెళ్లే రీల్‌కు బయటి నుంచి తిప్పే డయల్ ఉండాలన్నది మా గట్టి మాట. షిమానో కంపెనీ ఎస్‌వీఎస్ ఇన్ఫినిటీ బ్రేకు సెంట్రిఫ్యూగలే అయినా బయటి డయల్‌తో సర్దుకోవచ్చు. డైవా మాగ్‌ఫోర్స్, అబూ గార్సియా మాగ్‌ట్రాక్స్ అయస్కాంతాల పద్ధతి.

డీసీ అంటే షిమానో డిజిటల్ బ్రేకు. చిన్న కంప్యూటర్ స్పూల్ వేగాన్ని చూస్తూ బ్రేకు వేస్తుంది. బ్యాటరీ ఉండదు, స్పూల్ తిరిగితే పుట్టే కరెంటుతోనే నడుస్తుంది. ఎదురుగాలికి నిజంగా ఆదుకుంటుంది. కానీ ఏడాదికి నాలుగైదుసార్లు సముద్రానికి పోయేవాళ్లు ముందు బొటనవేలికి పని నేర్పి, తర్వాత దాని గురించి ఆలోచించడం మేలు. డీసీ ఉన్నా లూర్ నీటిని తాకేటప్పుడు స్పూల్‌ను ఆపాల్సింది బొటనవేలే.

కొత్త రీల్‌ను మొదటిసారి ఎలా సర్దుకోవాలి?

లూర్ కట్టి రాడ్‌ను ఎదురుగా పట్టుకోండి. హ్యాండిల్ వైపు, స్టార్ డ్రాగ్ (డ్రాగ్ బిగించే నక్షత్రం ఆకారపు చక్రం) పక్కన చిన్న గుండ్రటి బిరడా ఉంటుంది. అదే స్పూల్ టెన్షన్. దాన్ని బిగించి, స్పూల్ మీద బొటనవేలు పెట్టి, స్పూల్‌ను వదిలే బటన్ నొక్కి, వేలు తీయండి. లూర్ కదలకూడదు. ఇప్పుడు బిరడాను కొద్దికొద్దిగా వదులు చేయండి. లూర్ బావిలోకి చేద దించినట్టు నిదానంగా దిగాలి. నేలను తాకాక స్పూల్ అర చుట్టుకు మించి తిరగకూడదు. బ్రేకు డయల్ పదిలో 8 మీద పెట్టండి. లూర్ బరువు మార్చిన ప్రతిసారీ ఈ సర్దుబాటు మళ్లీ చేసుకోవాలి. చాలామంది మరిచిపోయేది ఇదే.

సాధన నీటి దగ్గరే చేయాలనేం లేదు. వేరుశనగ తీసేసిన చేనో, బడి మైదానమో చాలు. గాలపు ముళ్లు లేని 14 గ్రాముల బరువు కట్టి, గాలి వీపుకు కొట్టేలా నిలబడండి. 20 మీటర్ల దూరంలో ఒక గోనెసంచి పరిచి, దాని మీద పడేలా వేయండి. నెత్తి మీదుగా జాడించకుండా పక్కనుంచి మెల్లగా విసరండి. బొటనవేలును నొక్కిపెట్టకుండా, చర్మం లైన్‌ను తాకీ తాకనట్టు ఉంచండి. లైన్ ఉబ్బడం మొదలవగానే వేలికి తెలుస్తుంది, అప్పుడు చిన్న ఒత్తిడి చాలు. గోనెసంచి మీద పది విసుర్లలో ఏడు పడేదాకా బ్రేకు తగ్గించకండి. తర్వాత ఒక్కో అంకె చొప్పున తగ్గించుకుంటూ రండి.

మొదటి రోజులకు ఇంకో ఉపాయం ఉంది. మీరు విసరగలిగినంత దూరానికి ఇంకో పది మీటర్లు కలిపి లైన్ లాగి, స్పూల్ మీద ఒక చుట్టు టేపు అంటించి, మిగతా లైన్‌ను దాని మీద చుట్టండి. ఎంత పెద్ద చిక్కు పడ్డా టేపు దాటి లోపలికి పోదు. సముద్రానికి పోయేముందు మాత్రం ఆ టేపు తీసేయండి, లేకపోతే పెద్ద చేప పరుగు అక్కడే ఆగి లైన్ తెగుతుంది.

చిక్కు పడింది. కోసేయాల్సిందేనా?

చాలాసార్లు అక్కర్లేదు. లైన్‌ను గుంజకండి, గుంజితే ముడులు బిగుస్తాయి. డ్రాగ్ పూర్తిగా బిగించి, చిక్కు మీద బొటనవేలితో గట్టిగా నొక్కిపట్టి, హ్యాండిల్‌ను రెండు మూడు చుట్లు తిప్పండి. వేలు కింద లైన్ చదునవుతుంది. తర్వాత బటన్ నొక్కి లైన్‌ను మెల్లగా లాగండి. ఆగినచోట అడ్డంగా ఉన్న ఉచ్చును గోటితో పైకి ఎత్తి వదిలి, మళ్లీ లాగండి. మూడు నాలుగుసార్లు ఇలా చేస్తే విడిపోతుంది. అప్పటికీ రాకపోతే కత్తెర తీయండి. చిక్కు విడిపోయాక ఆ భాగాన్ని వేళ్ల మధ్య జారుస్తూ చూడండి. గరుకు తగిలినచోటు దాకా కోసేయాలి.

డ్రాగ్ ఎన్ని కిలోలు ఉండాలి?

5 కిలోలు ఉంటే చాలు. 20 పౌండ్ల లైన్ తెగే బలం సుమారు 9 కిలోలు. డ్రాగ్‌ను అందులో 25–30 శాతానికి, అంటే 2.3–2.7 కిలోలకు సర్దుకోవాలి. లైన్ కొసను వేలాడే కాటాకు కట్టి, రాడ్ వంచి లాగి, ముల్లు ఎక్కడికొచ్చాక స్పూల్ జారుతోందో చూడండి. ఎంత పట్టు ఉందన్న దానికన్నా ఎంత నున్నగా జారుతోందన్నది ముఖ్యం. ముల్లు ఎగిరెగిరి పడితే ఆ డ్రాగ్‌తో లైన్ తెగుతుంది. కార్బన్ వాషర్లు ఉన్నది తీసుకోండి.

పరుగెత్తే చేపను బొటనవేలితో ఆపబోకండి. బ్రెయిడ్ వేలిని కోసేస్తుంది.

10+1 బేరింగులంటున్నారు. ఎన్ని ఉంటే అంత మంచిదేనా?

కాదు. విసురుకు పనికొచ్చేవి స్పూల్ పక్కన ఉండే బేరింగులు. మిగతావి హ్యాండిల్ నునుపు కోసం. నాసిరకపు పన్నెండు బేరింగులు తుప్పుపడితే పన్నెండు చోట్ల గరగర. తుప్పు పట్టని రకం అయిదు చాలు. షిమానోలో ఎస్-ఏ-ఆర్‌బీ, డైవాలో సీఆర్‌బీబీ అని రాసి ఉన్నవి ఆ రకం.

ఫ్రేము?

అల్యూమినియం. మెగ్నీషియం తేలిక గానీ, పెయింటు గీసుకుపోయినచోట ఉప్పు తినేస్తుంది. చౌక గ్రాఫైట్ ఫ్రేములు లాగినప్పుడు ఒంగి, గేర్లు సరిగా కలవవు. గేర్ ఇత్తడిదైతే కొంచెం బరువు, కానీ మన్నుతుంది.

ఎడమ చేతి రీలా, కుడి చేతి రీలా?

స్పిన్నింగ్‌లో హ్యాండిల్ ఇటూ అటూ మార్చుకోవచ్చు. బెయిట్‌కాస్టర్‌లో కుదరదు, కాబట్టి కొనేముందే తేల్చుకోవాలి. కుడిచేత్తో విసిరి ఎడమచేత్తో తిప్పే అలవాటుంటే ఎడమ హ్యాండిల్ తీసుకోండి. లూర్ నీటిని తాకే లోపు చెయ్యి మార్చాల్సిన పని ఉండదు. పండుగప్ప చాలాసార్లు లూర్ పడీ పడగానే కొడుతుంది. షిమానోలో 150, 200 కుడివి. 151, 201 ఎడమవి. డైవాలో పేరు చివర ఎల్ ఉంటే ఎడమది. ఆన్‌లైన్‌లో కొనేటప్పుడు ఫొటో చూసి మోసపోకండి, చాలా చోట్ల అన్నిటికీ ఒకే ఫొటో పెడతారు.

పేర్లు చెప్పండి.

షిమానో ఎస్‌ఎల్‌ఎక్స్ 150 మొదటి రీల్‌గా బాగుంటుంది. ఇందులో మామూలుది 6.3, హెచ్‌జీ 7.2, ఎక్స్‌జీ 8.2. ఉప్పుటేరుకు హెచ్‌జీ. ఇంకాస్త పెట్టగలిగితే కురాడో 200. డైవాలో టాటులా వరుస. డైవాలోనే కోస్టల్ అన్నది ఉప్పునీటి కోసమే చేసిన వరుస. అబూ అంబాసడర్ లాంటి గుండ్రటి రీళ్లు గట్టివి, లైన్ ఎక్కువ పడుతుంది, బతికిన ఎర వేసి కూర్చునే వేటకు చక్కగా ఉంటాయి. రోజంతా లూర్ విసరడానికి మాత్రం బరువు. రాడ్ ట్రిగ్గర్ పిడి ఉన్నది, ఆరున్నర నుంచి ఏడడుగులు, మీడియం పవర్, ఫాస్ట్ యాక్షన్, 7–28 గ్రాముల లూర్ రాసి ఉన్నది సరిపోతుంది.

ఉప్పునీళ్లలో వాడాక ఏం చేయాలి? ఇంటికొచ్చేసరికి అర్ధరాత్రి అవుతుంది.

తీరం పక్కనే ఉండేవాళ్లకన్నా మన రీళ్లు త్వరగా పాడవడానికి కారణం అదే. నెల్లూరు నుంచి ఆత్మకూరు, బద్వేలు, మైదుకూరు మీదుగా తాడిపత్రి, గుత్తి చేరేసరికి గంటలు గడిచిపోతాయి. ఆ దారంతా ఎండకు కాగే కారు డిక్కీలో ఉప్పునీరు ఆవిరై, ఉప్పు గింజలు బేరింగుల్లో, లైన్‌ను స్పూల్ మీద సమంగా పరిచే లెవెల్‌వైండ్ పురిలో గడ్డకడతాయి. ఆపై రీల్ బీరువాలో నెలల తరబడి ఉండిపోతుంది. కాబట్టి మొదటి కడుగు తీరంలోనే పడాలి.

రెండు లీటర్ల మంచినీళ్ల సీసా, ఒక స్ప్రే సీసా, ఒక నూలుగుడ్డ వెంట పెట్టుకోండి. డ్రాగ్ పూర్తిగా బిగించండి, లోపలికి నీరు దిగకుండా. పొగమంచులా నీళ్లు చల్లి తుడవండి, మళ్లీ చల్లి మళ్లీ తుడవండి. రీల్‌ను బకెట్లో ముంచొద్దు. ధారగా కొట్టొద్దు, ఉప్పు ఇంకా లోపలికి పోతుంది.

ఇంట్లో మరుసటి రోజు స్పూల్ బయటికి తీయండి. వాడిన 50 మీటర్ల లైన్‌ను బకెట్ నీళ్లలోకి వదలండి. బ్రెయిడ్ పోగుల మధ్య ఉప్పు దాక్కుని ఉంటుంది, దాన్ని వదిలేస్తే కడిగిన రీల్‌లోకి ఉప్పును మీరే చుట్టి పెట్టినట్టు. మన బోరు నీళ్లలో చాలా చోట్ల సున్నం ఎక్కువ. ఆరితే బిందెల మీద పట్టినట్టే పురి మీదా తెల్లపొర పడుతుంది. చివరి తుడుపు ఫిల్టరు నీళ్లతో చేయండి. నీడలో ఆరబెట్టి, డ్రాగ్ పూర్తిగా వదులు చేసి దాచండి. బిగించి ఉంచితే వాషర్లు అణిగి, తర్వాత డ్రాగ్ కుదుపులతో జారుతుంది.

నూనె ఎక్కడ, ఎంత?

స్పూల్ బేరింగులకు ఒక్కో చుక్క, లెవెల్‌వైండ్ పురికి ఒక చుక్క, హ్యాండిల్ గుబ్బలకు ఒక్కో చుక్క. ప్రధాన గేర్‌కు పలుచగా గ్రీజు. బ్రేకు దిమ్మెలకు, అవి రాసుకునే వలయానికి ఏమీ వద్దు, జిడ్డయితే బ్రేకు పట్టదు. హ్యాండిల్ వెనక్కి తిరగకుండా ఆపే రోలర్ బేరింగుకు గ్రీజు పెడితే, చేప లాగినప్పుడు హ్యాండిల్ వెనక్కి జారుతుంది.

కొబ్బరినూనె వద్దే వద్దు. చలికాలం గడ్డకడుతుంది, తర్వాత జిగురవుతుంది. రీల్ నూనె దొరక్కపోతే కుట్టుమిషను నూనె తాత్కాలికంగా పనికొస్తుంది.

పడవ మీద కూడా వెళ్లాలనుకుంటున్నాం. ఎప్పుడు?

మన తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మరపడవల వేట నిషేధం. ఆ రోజుల్లో పడవ ప్రయాణం పెట్టుకోకండి. డ్యాముల దగ్గర కూడా గాలం వేసేముందు స్థానిక మత్స్యకారుల సంఘాన్ని అడగడం మర్యాద, చాలా చోట్ల అవసరం కూడా.

పాత రీల్ అమ్మకానికి ఉంది. ఏం చూడాలి?

హ్యాండిల్ పట్టుకుని వెనక్కి తిప్పి చూడండి, అస్సలు కదలకూడదు. బటన్ నొక్కి స్పూల్‌ను వేలితో తిప్పి చెవి దగ్గర పెట్టుకోండి. సన్నటి సవ్వడి ఫరవాలేదు, గరగర ఉంటే బేరింగులు మార్చాలి. గోటిని స్పూల్ అంచు చుట్టూ తిప్పండి, నొక్కు తగిలితే బ్రెయిడ్ అక్కడే తెగుతుంది. పెయింటు కింద బుడగలున్నాయంటే లోహం లోపల తింటున్నట్టే. చివరగా రీల్ ముందువైపు తిప్పి లెవెల్‌వైండ్ పురిలోకి చూడండి. గాళ్లలో తెల్లటి పొడిగానీ పచ్చటి చిలుముగానీ కనిపిస్తే, ఎంత తక్కువకు ఇస్తామన్నా తీసుకోకండి.